డీసీ అయ్యాకే కలుపు, అమ్మడూ

అమ్మడూ,

నువ్వు పంపిన బొమ్మను ఫోనులో పెద్దది చేసుకుని చూసి, కాగితం మీదకి ఎత్తి రాసుకున్నాను. గీత నీటుగా ఉంది. ఏ వైరు ఎక్కడికి పోతుందో తడుముకోకుండా తెలిసింది. పాత యాంప్లిఫైయర్లలోంచి తీసిన 12-0-12, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, మన అటక మీది స్టెబిలైజర్‌లోంచి తీసింది ఒకటి, ఈ మూడింటినీ కలిపి కాలేజీ ఫంక్షన్‌లో వాడే యాంప్లిఫైయర్‌కి డీసీ సప్లై కడతానన్నావు. కట్టు. తయారు సప్లైలు బజారులో దొరుకుతాయని నాకూ తెలుసు. అయినా నిన్ను వద్దనను. సొంతంగా ఒక సప్లై కట్టి, అది వేడెక్కడం చూసి, ఎందుకు వేడెక్కిందో లెక్క కట్టుకున్న పిల్లకి కరెంటు భాష వంటబడుతుంది. పాలిటెక్నిక్ ల్యాబులో నా ఉద్యోగమంతా పిల్లల్ని గమనించి చెబుతున్న మాట ఇది.

నీ బొమ్మలో ఒక్కటి మాత్రం మార్చాలి. ట్రాన్స్‌ఫార్మర్లను ఏసీగా ఉండగా కలిపేశావు. దేనిది దాన్ని డీసీ చేసి, అప్పుడు కలుపు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను, విసుక్కోకుండా చదువు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టినవి ఆ మూడు ప్లగ్గులు. స్పైక్ బస్టర్‌లో సాకెట్లు ఖాళీగా ఉన్నాయి కదా అని ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక్కో ప్లగ్గు గీశావు. ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందూ వెనకా అనే తేడా లేదమ్మా. 230 వైపు కరెంటిస్తే 12-0-12 అంచు తీగల మధ్య 24 వస్తుంది, 24 వైపు ఇస్తే 230 వస్తుంది. నువ్వేమో రెండు సెకండరీలనూ తీగతో తీగ కలిపావు. ఇప్పుడు ఒక ప్లగ్గు సాకెట్లోనే ఉంచి రెండోది పీకావనుకో. మొదటిది ఇచ్చే 24 వోల్టులు రెండోదాని సెకండరీలోకి పోతాయి. అక్కడి నుంచి దాని ప్రైమరీలో 230కి దగ్గరగా పుడుతుంది. ఆ ప్రైమరీ కొసలు ఎక్కడున్నాయి? నువ్వు పీకి చేత్తో పట్టుకున్న ప్లగ్గు ఇత్తడి పిన్నుల్లో. గోడకు లేని ప్లగ్గుకి ఎవరూ భయపడరు. స్టేజీ వెనక మసక వెలుతురులో, వైర్లు చుట్టబెట్టే హడావుడిలో, నీకు సాయం వచ్చిన ఏ జూనియరో ఆ పిన్నుల మీద వేలు వేస్తాడు. మెయిన్స్ షాకు ఎలా కొడుతుందో ఇదీ అలాగే కొడుతుంది, ప్రాణమూ తీయగలదు.

కాబట్టి ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లున్నా ప్లగ్గు ఒకటి, స్విచ్చి ఒకటి. స్విచ్చి కూడా ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ రకం తీసుకో. ప్రైమరీలన్నీ దాని తర్వాతే విడిపోవాలి. ప్లగ్గు మూడు పిన్నులది, ఆకుపచ్చ వైరు డబ్బా ఇనుముకీ ట్రాన్స్‌ఫార్మర్ కోర్లకీ స్క్రూతో బిగించి ఉండాలి. మూడో పిన్ను విరగ్గొట్టి వాడేవాళ్లని హాస్టల్లో చూసే ఉంటావు, నువ్వు ఆ జట్టులో చేరకు.

ఒకే ప్లగ్గు అనడానికి ఇంకో కారణం ఉంది. ఫంక్షన్ హాళ్లకి చాలావాటికి త్రీఫేజ్ కనెక్షన్ ఉంటుంది. ఒక గోడ సాకెట్ ఒక ఫేజు మీద, ఎదుటి గోడది ఇంకో ఫేజు మీద ఉండొచ్చు. అక్కడికి పోయి రెండు ట్రాన్స్‌ఫార్మర్లను రెండు గోడలకు పెడితే, ఇంట్లో మీటరు చక్కగా సున్నా చూపించిన చోట 41 వోల్టులకు పైగా తేడా నిలబడుతుంది. కలిపిన చుట్టలు ఆ తేడాను తమలోనే మంట పెట్టుకుంటాయి.

సరే, ఒకే ప్లగ్గు పెట్టాను, ఫేజు కూడా సరిచూశాను, అప్పుడు సెకండరీలను పక్కపక్కన కలపొచ్చు కదా తాతయ్యా అంటావు. ఫేజు చూడ్డం నీకు ల్యాబులో నేర్పే ఉంటారు: ఒకదాని కొసనీ రెండోదాని కొసనీ కలిపి, మిగిలిన రెండు కొసల మధ్య మీటరు పెడితే సున్నాకి దగ్గరగా రావాలి. 48 వచ్చిందంటే తిరగబడిందన్న మాట. ఆ రెండు కొసల్నీ అలాగే కలిపేస్తే నేరుగా షార్ట్. అయితే మీటరు సున్నా ఎప్పుడు చూపిస్తుంది? రెండూ ఒకే రోజు, ఒకే చెయ్యి, అన్నే చుట్లు చుట్టినప్పుడు. నీవి రెండు వేర్వేరు యాంప్లిఫైయర్ల నుంచి వచ్చాయి. అర వోల్టు తేడా ఉందనుకో, రెండు చుట్టల నిరోధం కలిపి అర ఓం అనుకో. ఏ లోడూ లేకుండానే ఒక ఆంపియర్ వాటి మధ్య తిరుగుతూనే ఉంటుంది. స్పీకర్‌కి పోవాల్సిన సత్తువ రాగిని వేడి చేయడానికి పోతుంది. లోడు పెట్టాక కూడా సమానంగా పంచుకోవు. జోడెద్దుల్లో ఒకటి అడుగు ముందుంటే కాడి బరువంతా దాని మెడ మీదే పడినట్టు, వోల్టేజీ కాస్త ఎక్కువున్నదే ఎక్కువ మోసి ముందు కాలిపోతుంది.

అదే ఒక్కోదానికి ఒక్కో డయోడ్ బ్రిడ్జ్ పెట్టి డీసీ వైపున కలిపావనుకో, డయోడ్లు వెనక్కి పోనివ్వవు. ఒకటి ఇంకొకదానికి కరెంటు తోయలేదు. తిరుగుడు కరెంటు లేదు, పీకిన ప్లగ్గులో ప్రాణం ఉండదు, ఫేజు గొడవ కూడా లేదు. ఒకదాని ఫ్యూజు పోతే అది నిజంగానే చచ్చి ఊరుకుంటుంది.

ఇది చిన్నవాళ్ల పని అనుకోకు. గాజువాకలో పవర్‌గ్రిడ్ వాళ్ల హెచ్‌వీడీసీ స్టేషన్ ఉంది కదా, అందులో 500 మెగావాట్ల విభాగం ఒకటి 1999లో, ఇంకొకటి 2005లో మొదలయ్యాయి. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసేదాకా ఆ గ్రిడ్డూ ఈ గ్రిడ్డూ ఒకే లయలో నడిచేవి కావు. తూర్పు నుంచి కరెంటు తెచ్చుకోవాలంటే ఒకసారి డీసీ చేసి, మళ్లీ ఏసీ చేసుకోవాల్సి వచ్చేది. అలాంటి స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ ఒకటి స్టార్‌గా, ఇంకొకటి డెల్టాగా చుడతారు. రెండింటికీ మధ్య 30 డిగ్రీల తేడా. ఆ రెండింటినీ ఏసీగా ఎవరూ కలపలేరు. దేని బ్రిడ్జ్ దానికి పెట్టి, ఆ బ్రిడ్జిలను డీసీ వైపున వరసగా కలుపుతారు. ఒకటి దిగే వేళకి ఇంకొకటి లేస్తుంది కాబట్టి డీసీలో అలలు కూడా తగ్గుతాయి. నీ బల్ల మీదా అదే సూత్రం, నీకు డయోడ్లు, వాళ్లకి థైరిస్టర్లు.

ఇక నీ సప్లైకి వద్దాం. యాంప్లిఫైయర్‌కి ఎటూ ప్లస్ లైనూ మైనస్ లైనూ కావాలి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉండడం నీ అదృష్టం. ఒక్కోదాని నడిమి తీగకి స్లీవు తొడిగి పక్కన కట్టేయి, అంచు తీగలు రెండూ వాడితే 24 వోల్టుల ఏసీ. ఒక్కోదానికి ఒక బ్రిడ్జ్, ఒక 10000 మైక్రోఫారడ్ల కెపాసిటర్. మొదటిదాని మైనస్, రెండోదాని ప్లస్ కలిపిన చోటు నీ గ్రౌండ్. అటు చివర ప్లస్, ఇటు చివర మైనస్. వరసగా కలిపావు కాబట్టి రెండింటి వోల్టేజీలూ అచ్చంగా ఒకటి కాకపోయినా కొంప మునగదు.

24ని 1.414తో హెచ్చిస్తే 34. బ్రిడ్జ్‌లో ఒకేసారి రెండు డయోడ్లు దాటాలి, వాటికి రెండు వోల్టులు తీసెయ్యి. 32 మిగిలింది. లోడు పడ్డాక అలలు పోను సగటున 30కి అటూ ఇటూ వస్తుంది. కానీ లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ 24 దగ్గర ఆగదు, 26, 27 చూపిస్తుంది. అప్పుడు డీసీ 38 దాకా పోతుంది. ఆ రోజు లైన్లో 250 వస్తే 40 దాటుతుంది. నీ బొమ్మలో 35 వోల్టుల కెపాసిటర్లు రాశావు. అవి ఉబ్బి, తల పగిలి, లోపలి ద్రవం బల్ల నిండా చిమ్ముతుంది. 63 వోల్టులవి తీసుకో. నీ యాంప్లిఫైయర్ బోర్డు ఎంత వరకు తట్టుకుంటుందో కూడా ఈ లోడు లేని వోల్టేజీతోనే పోల్చు, 30తో కాదు. ప్లస్ చివర నుంచి మైనస్ చివరకు కొలిస్తే 76 వోల్టుల పైమాటే, చెమట చేత్తో పట్టుకునేది కాదది.

అలల లెక్క కూడా చేసి చూసుకో. లోడు కరెంటుని వందతో భాగించి, వచ్చినదాన్ని ఫారడ్లలో కెపాసిటర్ విలువతో భాగిస్తే అల ఎత్తు. మూడు ఆంపియర్లకి 10000 మైక్రోఫారడ్లుంటే 3 వోల్టులు. 2200 పెడితే 13కి పైనే, స్పీకర్లో పాటకన్నా గుర్రుమనే మోత ఎక్కువ వినిపిస్తుంది.

"రెండు అయిదులు పది ఆంపియర్లు వస్తాయి కదా" అని రాశావు చూడు, అక్కడ కాసేపు ఆగు. స్టిక్కర్ మీది 5 ఏసీది. కెపాసిటర్‌కి కరెంటు నింపాదిగా రాదు, అల కొన దగ్గర మాత్రమే గుప్పున వస్తుంది. ఆ గుప్పులకి చుట్ట ఎక్కువ వేడెక్కుతుంది. అందుకని ఏసీ 5 ఆంపియర్లుంటే డీసీ 3 అనుకోవాలి. నమ్మకపోతే వాట్లతో సరిచూడు: 24 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే 120. నువ్వు అనుకున్నట్టు 32 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు వస్తే 160. 120లోంచి 160 ఎలా వస్తుంది? ఒక్కో లైనుకి 3 ఆంపియర్లు లెక్కేసుకో. పాటకి అది బాగా సరిపోతుంది. పాట ఎప్పుడూ ఒకే ఎత్తున ఉండదు కదా.

ఆ స్టిక్కర్‌ని కూడా గుడ్డిగా నమ్మకు, స్కేలు తీసుకుని కోర్ కొలువు. రేకుల పొడుగు వైపు ఎంతుందో చూసి మూడుతో భాగిస్తే, కనపడకుండా చుట్ట లోపలున్న నడిమి కాలి వెడల్పు వస్తుంది. దాన్ని రేకుల దొంతర మందంతో హెచ్చించు. పొడుగు 9.6 సెంటీమీటర్లు ఉంటే కాలు 3.2, దొంతర 4 ఉంటే 12.8 చదరపు సెంటీమీటర్లు. 1.15తో భాగించి వర్గం చేస్తే 124. నీ 120కి సరిపోయింది. వైండింగ్ షాపుల్లో పాతవాళ్లు నోటితో చేసే లెక్క ఇదే. అది 60, 70 దగ్గర ఆగిందంటే స్టిక్కర్ అబద్ధం, లోడు సగానికి తగ్గించుకో.

మూడోది, స్టెబిలైజర్‌ది, వద్దే వద్దు. స్టెబిలైజర్లో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. ఒకే చుట్టలోంచి మధ్య మధ్య తీగలు బయటికి తీస్తారు. మెయిన్స్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య అడ్డుగోడ లేదు. వోల్టులు తక్కువ చూపించినా ఆ తీగ గోడలోని ఫేజుతో నేరుగా కలిసే ఉంటుంది. నీ యాంప్లిఫైయర్ గ్రౌండూ, మైకు తీగ లోహపు తొడుగూ, మైకు పట్టుకుని పాడే పిల్లా అందరూ ఫేజు మీద నిలబడతారు. ఏ పాత ట్రాన్స్‌ఫార్మర్ చేతికొచ్చినా ముందు మల్టీమీటర్ని బీపు మీద పెట్టి, మెయిన్స్ తీగకీ అవుట్‌పుట్ తీగకీ ఆనించు. బీప్ అందంటే అది మన పనికి రాదు. పాత మైక్రోవేవ్ ఓవెన్ లోపలిది వీడియోల్లో చూసి ఎవరైనా తెచ్చిస్తే దాని జోలికీ పోకు. దాని సెకండరీ 2000 వోల్టుల దగ్గర ఉంటుంది, కరెంటు కూడా దండిగా ఇస్తుంది. అది తాకినవాళ్లకి రెండో అవకాశం దొరకడం కష్టం. అందులో నేను ఏ మినహాయింపూ ఒప్పుకోను.

స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్ బదులు 15-0-15, 500 మిల్లీ ఆంపియర్లది చిన్నది ఒకటి కొనుక్కో. మైకు బోర్డుకి ప్లస్ 12, మైనస్ 12 కావాలన్నావు. పెద్ద లైన్ల నుంచే 7812 రెగ్యులేటర్ పెట్టి దించుతానని గీశావు, కానీ 7812 ఇన్‌పుట్ 35 వోల్టులు దాటితే బతకదు. నీ లైను లోడు లేనప్పుడు 38. చిన్నదానికి నడిమి తీగ గ్రౌండ్ చేసి ఒక బ్రిడ్జ్ పెడితే అటు 20, ఇటు 20 వస్తాయి. పైన 7812, కింద 7912 హాయిగా పనిచేస్తాయి. పైగా డ్రమ్ము మోతకి పెద్ద లైన్లు ఊగినా మైకు బోర్డు కదలదు. ఆ రెండు రెగ్యులేటర్లూ చూడ్డానికి కవలలే గానీ కాళ్ల వరస వేరు. 7812 అక్షరాలు నీవైపు పెట్టి చూస్తే ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912కి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. దాని వీపు రేకు కూడా గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్. మైకా రేకు, ప్లాస్టిక్ బుష్ వేయకుండా రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కి బిగించావంటే మైనస్ లైను షార్ట్.

పెద్ద బ్రిడ్జిలకి కేబీపీసీ3510 తీసుకో, డబ్బా రేకుకే పేస్టు రాసి బిగిస్తే చాలు. ఒక్కో కెపాసిటర్‌కి అడ్డంగా 2.2 కిలోఓంలు, 2 వాట్ల రెసిస్టర్ పెట్టు. ఆపేశాక రెండు నిమిషాల్లో కెపాసిటర్ ఖాళీ అవుతుంది, స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పులు రప్పించే పని లేదు. ఆ కెపాసిటర్‌కే అడ్డంగా, తిరగేసి ఒక డయోడ్ కూడా పెట్టు. ఒక లైను ఫ్యూజు పోయినప్పుడు రెండో లైను దీన్ని ఉల్టా చార్జి చేయకుండా కాపాడుతుంది. స్పీకర్‌కి ప్రొటెక్షన్ బోర్డు తప్పనిసరి, ఒక లైను పోతే యాంప్లిఫైయర్ డీసీనే స్పీకర్లోకి తోస్తుంది. మెయిన్స్ ఫ్యూజు 2 ఆంపియర్లది, స్లో బ్లో రకం. ఒక్కో సెకండరీకి బ్రిడ్జ్ ముందు 5 ఆంపియర్లది వేరేగా.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు లేకుండా చేయకు. 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు, ఎల్ఈడీ పనికిరాదు. మీ అమ్మమ్మ పూజ గది బీరువా పై అరలో రెండు దాచి పెట్టాను, వచ్చినప్పుడు పట్టుకెళ్లు. కెపాసిటర్లు నిండేదాకా ఒక్క క్షణం వెలిగి మందగిస్తే అంతా బాగున్నట్టు. వెలుగు తగ్గలేదంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేసి వెతుకు. చేతి గాజులు, ఉంగరం తీసి పెట్టు. అన్నం తిని, నిద్ర చాలినప్పుడే మొదలెట్టు. గదిలో ఇంకొకరు ఉండాలి, మెయిన్ స్విచ్చి ఎక్కడుందో వాళ్లకి ముందే చూపించు.

సిరీస్ బల్బుతో గెలిచాక, యాంప్లిఫైయర్ తగిలించే ముందు లోడు పెట్టి చూడు. బైకు హెడ్‌లైట్ బల్బులు, 12 వోల్టులవి, 35 వాట్లవి, ఒక్కో లైనుకి మూడేసి వరసగా. రెండున్నర ఆంపియర్ల దాకా లాగుతాయి. గంటసేపు వెలగనిచ్చి, ప్లగ్గు పీకి, ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించు. చెయ్యి నిలబడితే ఫరవాలేదు. నిలబడలేకపోతే లోడు ఎక్కువైంది, లేదా స్టిక్కర్ అబద్ధం. బ్రిడ్జ్ కూడా చూడు.

ఆ గంటలో నాకు కొన్ని అంకెలు రాసి పంపు. లోడు లేనప్పుడు రెండు లైన్ల వోల్టేజీ, లోడు పెట్టిన వెంటనే ఎంత, గంట అయ్యాక ఎంత, అప్పుడు గోడ సాకెట్లో ఏసీ ఎంత ఉంది. లోడుతో ఒక లైను ఇంకొకదానికన్నా రెండు వోల్టులకు మించి దిగితే యాంప్లిఫైయర్ తగిలించకుండా ఆగు, ఆ దిగిన లైను ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట సంగతి మనిద్దరం ఫోనులో తేల్చుకుందాం.

మీ తాతయ్య